రేకుల షెడ్డు సీలింగు మీద ఏం పోయాలి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. అమెరికాలో గ్యారేజి సీలింగు పైన గొట్టంతో బూడిదరంగు కాగితం పీచు ఊదుతున్నారు. మన షెడ్డుకీ అలాగే చేస్తానని రాశావు. పాత పేపర్లు కిలోల లెక్కన కొని, మెషీన్లో నలగ్గొట్టి, నిప్పు అంటకుండా బోరాక్స్ పొడి చల్లి, బ్లోయరుతో పైకి ఎక్కిస్తానన్నావు. మే నెలలో ఆ రేకుల కింద మధ్యాహ్నం పూట పని చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. నలభై ఏళ్ళు నేనూ రేకుల కిందే చిత్రిక పట్టాను. కాబట్టి సీలింగు వెయ్యి, దాని మీద మందంగా ఏదో ఒకటి పొయ్యి. ఆ కాగితం పని మాత్రం పెట్టుకోకు.

నేను అది తెలియక చెప్పడం లేదు. అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు అల్లుడుగారి గ్యారేజికి అదే పని నా చేతులతో చేశాను. బస్తా ఒక్కోటి పది, పన్నెండు కిలోలుంటుంది. లోపల సరుకు ఇటుకలా బిగించి ఉంటుంది. నేను కింద నిలబడి గడ్డలు విరిచి తొట్టిలో వేస్తుంటే, ఆయన పైన గొట్టం పట్టుకున్నారు. కాస్త తొందరపడి ఎక్కువ వేస్తే గొట్టం పూడుకుపోయేది. ఒక పిసరు తీసి వెలుతుర్లో చూశాను. గోరంత కాగితం ముక్కల మీద అచ్చు అక్షరాలు సగం సగం కనిపిస్తున్నాయి. అంటే అదంతా న్యూస్‌పేపరే. అల్లుడుగారు పిడికెడు పీచు సిమెంటు గచ్చు మీద పెట్టి లైటరు వెలిగించారు. నల్లబడింది, పొగ వచ్చింది, లైటరు తీసెయ్యగానే ఆగిపోయింది. పక్కనే మామూలు పేపరు ముక్క పెట్టి అంటిస్తే భగ్గుమంది.

తేడా అంతా మందులో ఉంది. ఫ్యాక్టరీలో కాగితాన్ని పీచు చేసేటప్పుడే బోరిక్ యాసిడ్, బోరాక్స్ లాంటి బోరాన్ మందులు కలుపుతారు. బరువులో నూటికి 15 నుంచి 20 పాళ్ళు మందే ఉంటుంది. అది ప్రతి పోగుకీ పట్టాలి. నువ్వు ఇంట్లో పైపైన చల్లితే ఒకచోట ఎక్కువ పడుతుంది, ఇంకోచోట అసలు పడదు. ఆ పడని చోట మామూలు పాత కాగితమే కదా ఉండేది! కింద నీ గ్రైండరు నిప్పురవ్వలు, రంపపు పొట్టు, పాలిష్, థిన్నరు. వీటి నెత్తిన మందు పట్టని కాగితం ఎనిమిది అంగుళాల మందాన పేర్చుకుంటానంటే నేను ఒప్పుకోను. ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డురా అది. అక్కయ్య, పిల్లలు ఆ గోడకి అవతలే పడుకుంటారు.

ఇంకో మాట. అక్కడ ఆ పీచు ముఖ్యంగా చలికాలం లోపలి వెచ్చదనం బయటికి పోకుండా వేస్తారు. అంగుళానికి ఆర్-విలువ, అంటే వేడిని ఆపే శక్తికి కొలత, సుమారు 3.5 వస్తుంది, పన్నెండు అంగుళాలు ఊదితే కొన్నాళ్ళకి దిగి పదవుతుంది, ఆ దిగేది కూడా లెక్కలో పెట్టుకునే ఊదుతారు. మనకి బాధ పైనుంచి. ఎండకి రేకు పెనంలా కాలి కిందికి సెగ కొడుతుంది. పైగా మనది గోదావరి మూడు పక్కలా పారే నేల, గాలిలో ఎప్పుడూ చెమ్మే. అందుకని పనుల వరస మారుతుంది. ముందు నీళ్ళు ఆపాలి, తర్వాత వేడిగాలికి దారి ఇవ్వాలి, ఆ తర్వాతే పైన పొయ్యడం.

నీళ్ళ సంగతి నాకు బాగా తగిలింది కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. అంబాజీపేట చుట్టుపక్కల పీచు మిల్లుల దగ్గర కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది కదా. ఉత్తినే వస్తోందని ఒక వేసవిలో నాలుగు ట్రాక్టర్లు తోలించి నా షెడ్డు సీలింగు మీద పోయించాను. ఆ ఎండాకాలం హాయిగా గడిచింది. కార్తీకంలో తుపాను పట్టుకుని మూడు రోజులు కురిసింది. రేకు మీద రెండు బోల్టుల దగ్గర తారు వాషర్లు ఎండి పగిలాయి, నేను చూసుకోలేదు. కొబ్బరి పొట్టు తన బరువుకి ఏడెనిమిది రెట్లు నీళ్ళు పీల్చుకుంటుంది. కింద ఒక్క చుక్క పడలేదు, అందుకే నాకు తెలియలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున సీలింగు ఒక గది మేర మొత్తం ఊడి రందా మెషీను మీద పడింది. అది పగలు జరిగి ఉంటే మెషీను దగ్గర కుర్రాడు నిలబడి ఉండేవాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు వణుకొస్తుంది.

అందుకని నువ్వు మొదట చెయ్యాల్సింది ఇది. మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి లోపల చీకటి చేసి, తలెత్తి చూడు. సూదిమొనంత వెలుగు కనిపించిన ప్రతి చోటా కింద గచ్చు మీద సుద్దతో గుర్తు పెట్టు. తర్వాత ఒకరు పైన పైపుతో నీళ్ళు కొడుతుంటే నువ్వు లోపల నుంచి చూడు, కింద వరస నుంచి మొదలెట్టి పైకి. రేకుని పట్టి ఉంచే జె-బోల్టులన్నిటికీ వాషర్లు మార్చెయ్యి, బాగున్నవాటికి కూడా. రేకు బిగింపు చూసుకో. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లే కూలిపోయాయి, రేకులు ఒక లెక్కా! నీవి పాత సిమెంటు రేకులైతే వాటికి కొత్తగా బెజ్జాలు వెయ్యొద్దు, కొయ్యొద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు.

ఇనప రేకులైతే ఇంకో చిక్కుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున రేకు అడుగున చెయ్యి పెట్టి చూడు, అరచెయ్యి తడిసిపోతుంది. రాత్రి రేకు చల్లబడి గాలిలో చెమ్మ దానికి పట్టుకుంటుంది. చిల్లు లేకపోయినా నీళ్ళు కారతాయన్నమాట. దీనికి గాలే మందు. మన పాత పెంకుటిళ్ళు గుర్తు తెచ్చుకో. పెంకుల సందుల్లోంచి వేడి పోయేది, అటక కింద గది చల్లగా ఉండేది. రేకులో ఆ సందులుండవు కాబట్టి మనమే పెట్టాలి. చూరు పొడుగునా రెండు పక్కలా నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ వదులు, పైన కొప్పు దగ్గర వేడి బయటికి పోయే దారి పెట్టు, లేదంటే గాలికి తిరిగే టర్బో ఒకటి బిగించు. ప్రతి ఖాళీకీ సన్న ఇనప జాలి కొట్టు. ప్లాస్టిక్ జాలి ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. రేకు పైన సున్నం గానీ ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్ పెయింటు గానీ రెండు పూతలు వెయ్యి. దానికయ్యే ఖర్చుతో పోలిస్తే వచ్చే చలవ చాలా ఎక్కువ. నన్నడిగితే అది వేసి ఒక వారం చూసి అప్పుడు సీలింగు పని మొదలుపెట్టమంటాను.

ఇక పైన పోసే సరుకు. రంపపు పొట్టు నీ దగ్గరే కావలసినంత ఉంది, దాని జోలికి వెళ్ళకు. అంటుకుంటుంది, చెమ్మ పడుతుంది, చెదలకి విందు. మన డెల్టాకి తగినది ఊక. ధాన్యం పొట్టులో సిలికా ఎక్కువ, అందుకని తొందరగా కుళ్ళదు, నీళ్ళు అంతగా పీల్చదు, మంటెత్తి మండదు. వేడిని ఆపడంలో ఆ కాగితం పీచుకి మరీ తీసిపోదు. మన చిన్నప్పుడు ఐసు దిమ్మని ఊకలో పాతిపెట్టి గోనె కప్పితే సాయంత్రం దాకా కరగకుండా ఉండేది గుర్తుందా? అదే ఇది. అయితే లోపల్లోపల రాజుకునే గుణం దానికి ఉంది. కాబట్టి షెడ్డులో వెల్డింగు పెడతావేమో ముందే ఆలోచించుకో. పెట్టేటట్టయితే ఊక కూడా వద్దు, డబ్బు ఎక్కువైనా రాతి పీచుతో చేసిన రాక్‌వూల్ పలకలు వేసుకో, అది అసలు కాలదు.

ఊక అయితే సార్వా ధాన్యం ఆడించే రోజుల్లో, సంక్రాంతి దాటాక తీసుకో. పొడిగా ఉంటుంది, వానలూ వెళ్ళిపోతాయి. తవుడు, నూకలు లేకుండా జల్లించిందే కావాలి. గుప్పెడు తీసి అరచేతిలో నలిపి ఊదు, చేతికి తెల్లగా పిండి అంటుకుంటే తవుడున్నట్టే, వెనక్కి పంపించు. తవుడుంటే ఎలుకా పురుగూ రెండూ వస్తాయి. రెండు రోజులు కళ్ళంలో పల్చగా ఎండబెట్టు.

బరువు లెక్క కూడా చూసుకో. నీ షెడ్డు పన్నెండు ఇరవై నాలుగు, అంటే 288 చదరపు అడుగులు. నాలుగంగుళాలు పోస్తే దాదాపు 96 ఘనపుటడుగులు, ఇంచుమించు మూడు వందల కిలోలు. సన్న తీగలతో వేలాడే పీవోపీ సీలింగు దాన్ని మొయ్యదు. ఫ్రేము నువ్వే కట్టు, అడుగున్నరకి ఒక కర్ర, ప్రతి కర్రా పైన పర్లినుకి, అంటే రేకుని మోసే అడ్డకమ్మీకి, బోల్టు. కింద సిమెంటు ఫైబరు బోర్డు స్క్రూలతో బిగించు. ప్లైవుడ్ నీకు తేలికే గానీ నిప్పుకి బోర్డే మంచిది. ఫ్యాను కొక్కెం సీలింగుకి కాదు, పర్లినుకే.

వైరింగంతా పైపుల్లోనే పోవాలి, ఊకలో ఒక్క జాయింటు కూడా పూడిపోకూడదు. లైటు ఉన్న చోట చుట్టూ రేకు డబ్బాలా కట్టి ఊక తగలకుండా చూడు. కర్రల మీద నాలుగంగుళాల దగ్గర పెన్సిలు గీత గీసి పెట్టుకుంటే తట్టలతో పోసి చెక్కతో సమం చేసుకోవచ్చు. మనకి ఊదే మెషీను అక్కర్లేదు. ఊక పైనుంచి రేకు దాకా అర అడుగైనా ఖాళీ ఉండాలి, గాలి పోయేది అందులోంచే. వీలైతే రేకు కింద పర్లిన్లకి ఎయిర్ బబుల్ ఫాయిల్, అంటే గాలి బుడగల మీద మెరిసే రేకు అంటించిన షీటు, కొట్టించు, మెరిసే వైపు ఆ ఖాళీలోకి ఉండేటట్టు. దేనికైనా అతుక్కుని ఉంటే దాని మెరుపు పని చెయ్యదు. అల్లుడుగారి గ్యారేజిలోలా సీలింగు బోర్డు మీద ప్లాస్టిక్ షీటు మాత్రం పరచొద్దు. చలి దేశంలో వెచ్చని వైపు గది, మనకి వెచ్చని వైపు రేకు. ఏసీ పెట్టావంటే పైనుంచి దిగిన చెమ్మ ఆ చల్లని షీటు మీదే పేరుకుంటుంది.

పోసే రోజు నిండు చేతుల చొక్కా, కళ్ళద్దాలు, ఎన్-95 మాస్కు. ఊక నూగు ఒంటికి పట్టుకుంటే రెండు రోజులు దురద పోదు. నీతో పైకెక్కేవాడికీ ఇవన్నీ కొని ఇవ్వు. ఒక మూల రెండడుగుల తలుపు వదులు, తొలి వాన పడిన మర్నాడు ఎక్కి ఊకలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాలి.

పర్లిన్ల మధ్య దూరం కొలిచి, రేకు అడుగుభాగం ఫొటోలు నాలుగు పక్కలవీ పంపు. బోర్డులు అప్పుడే కొనకు. కనుమ వెళ్ళిన మూడో రోజు నేనూ మీ అత్తయ్యా వస్తాం, రెండు రోజులు ఉంటాను, ఫ్రేము దగ్గరుండి బిగిద్దాం. అక్కయ్యకి చెప్పు.

మీ మావయ్య