పజీత్ అంటే ఎవరని అడిగిన తమ్ముడికి

"పజీత్ అంటే ఎవరన్నా? నా పోస్టు కింద నలుగురు అదే రాశారు" అని అడిగావు. ఎవరూ కాదు. మన పేర్లను వెక్కిరించడానికి కల్పించిన దొంగ పేరు, ఇండియావాళ్ళను తిట్టే తిట్టు. 2024 డిసెంబరులో అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసాల మీద రచ్చ లేచినప్పుడు ఇలాంటివి మరీ ఎక్కువయ్యాయి. అర్థం ఇంతే. కానీ రాత్రి రెండింటిదాకా ఒక్కడివే కూర్చుని దాన్నే వెతికానన్నావు చూడు, నా టెన్షన్ అంతా దాని గురించే.

నేను 2003లో అమెరికాలో, న్యూయార్క్ పక్కనున్న జెర్సీ సిటీలో దిగాను. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం, నెవార్క్ అవెన్యూలో సోనామసూరి బస్తా భుజాన వేసుకుని వస్తుంటే, కార్లో పోతున్న కుర్రాళ్ళు "డాట్‌హెడ్" అని అరిచారు. నాకు డాట్ ఒక్కటే వినబడింది. నేను డాట్‌నెట్ ప్రోగ్రామింగ్ చేస్తానని వీళ్ళకెలా తెలిసిందబ్బా అనుకుని చెయ్యి కూడా ఊపాను.

రూమ్మేట్లిద్దరూ ప్రాజెక్టులకని వేరే ఊళ్ళకు పోయారు. ఆ రాత్రి ఒక్కణ్ణే కూర్చుని వెతికాను. డాట్ అంటే మన ఆడవాళ్ళ బొట్టట. 1987లో ఆ ఊళ్ళోనే డాట్‌బస్టర్స్ అనే ముఠా, ఇండియావాళ్ళను వెళ్ళగొడతామని పేపరుకు ఉత్తరం రాసిందట. ఆ సెప్టెంబరులోనే పక్కనున్న హొబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే మనిషిని కుర్రాళ్ళ గుంపు కొట్టి చంపింది.

అక్కడ ఆపి పడుకోవాల్సింది. ఆ మాట ఇంకా ఎవరెవరు వాడుతున్నారో చూద్దామని లింకు మీద లింకు నొక్కుకుంటూ పోయాను. అన్నీ తిట్టేవాళ్ళ అడ్డాలే. మన కూర వాసన మీద, యాస మీద, దేవుళ్ళ మీద జోకులు. ఉండబట్టలేక నా గుంటూరు ఇంగ్లీషులో ఒకడికి జవాబిచ్చాను. స్పెల్లింగు తప్పు పట్టుకుని పదిమంది ఆడుకున్నారు. తెల్లారిపోయింది.

ఇలా మూడు నెలలు. బస్సులో ఎవరు నవ్వినా నన్ను చూసే అనిపించేది. చీకటిపడ్డాక కొట్టుకు వెళ్ళడం మానేసి అటుకులతో సరిపెట్టుకున్నాను. కాలింగ్ కార్డు గీకి, అమ్మకు మాత్రం "సూపర్‌గా ఉన్నా" అని చెప్పేవాణ్ణి. మీకిప్పుడు వీడియో కాల్ వచ్చింది, అబద్ధం మాత్రం అదే.

చివరికి కొట్లో బిల్లు దగ్గర ఒక గుజరాతీ పెద్దాయన నా మొహం చూసి ఏమైందని అడిగాడు. చెప్పేశాను. 1987లో ఆయన ఆ వీధిలోనే ఉన్నాడు. వాళ్ళావిడ బొట్టు తుడుచుకుని బస్సెక్కేదట. కొట్లు మూశాక నలుగురైదుగురు కలిసే ఇళ్ళకు నడిచేవారట. నేను చదివిన కథే అది. కాకపోతే చదివినన్నాళ్ళూ నా చెవిలో తిట్టినవాడి గొంతే మోగింది. తిట్లు పడ్డవాడు చెబుతుంటే విన్నది ఆ రోజే. రాత్రికి వాళ్ళింట్లో ఖిచిడీ తిని, అక్కడే సోఫాలో పడి పది గంటలు నిద్రపోయాను.

ఎవడైనా బెదిరిస్తే పోలీసుల నంబరు 911. ఆఫీసులో అయితే హెచ్‌ఆర్. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. మిగతా రూల్స్ నువ్వే చూసుకోగలవు, వెతకడం ఎలాగూ బాగా వచ్చు కదా. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చి చంపింది మనమెవరమూ మర్చిపోలేదు కాబట్టి, అసలు భయమే వద్దని నేననను.

అన్నట్టు, మనవాళ్ళు కార్లో కూర్చుని నల్లవాళ్ళను "కల్లుగాడు" అంటారే, అదీ ఈ జాతి మాటే. నేనూ నాలుగేళ్ళు అన్నాను.

ఈసారి అలాంటిదేమైనా కనిపిస్తే ల్యాప్‌టాప్ మూసేసి రూమ్మేటును నిద్రలేపు. రాత్రి రెండింటికి లేపినందుకు వాడూ తిడతాడనుకో. ఆ తిట్లకు మాత్రం నువ్వు అర్థం వెతుక్కోనక్కర్లేదు.