పలకలు జరిపే ముందు

బిడ్డా,

నీ మెయిల్ చూసిన. భూమి పలకలను వెనక్కి జరిపి పాతకాలపు మ్యాపు గీస్తూ, మన తూర్పు తీరాన్ని అంటార్కిటికాకు ఆనిస్తే కృష్ణా డెల్టా కాడ ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నదని రాసినవు. ఎక్కక ఏం చేస్తది? ఆ రెండు విడిపోయింది సుమారు 13 కోట్ల ఏండ్ల కింద. డెల్టా ఆ తర్వాత నది తెచ్చిపోసిన మట్టి. విడిపోయిననాడు లేని నేల అతుకులకెట్ల వస్తది? ముందు దాన్ని చెరిపెయ్.

అసలు ఒడ్డు గీతనే నమ్మకు, సముద్రం లేస్తది, దిగుతది. 1965లో భూభౌతిక శాస్త్రవేత్త బుల్లార్డ్, ఆయన తోటివాళ్లు అట్లాంటిక్ రెండు దిక్కులను కలిపినప్పుడు సుమారు 900 మీటర్ల లోతు గీతను పట్టుకున్నరు. మనకు అదీ చాలదు. తెగేముందు భూపటలం సాగి పలచబడ్డది. కృష్ణా–గోదావరి బేసిన్ అడుగున పూడిపోయిన లోయలు ఆ సాగుడుకు పుట్టినవే. సాగినంత వెనక్కి ముడిచినంకనే కలుపు.

గీతలు కుదిరినా రాళ్లు ఒప్పుకోవాలె. తూర్పు కనుమల్ల సుమారు 100 కోట్ల ఏండ్ల కింద వేడికి మారిన శిలలకు జోడు అంటార్కిటికాల రేనర్ శిలలు. అవి ఎదురుబొదురు రాకపోతే నీ బొమ్మ తప్పు.

సముద్రం అడుగున అయస్కాంత చారలు చూస్తనంటవేమో. భూమి అయస్కాంత ధ్రువాలు తిరగబడ్డప్పుడల్లా అక్కడి రాళ్లల్ల పడ్డ గుర్తులే అవి. 12.1 నుంచి 8.3 కోట్ల ఏండ్ల మధ్య ధ్రువాలు తిరగబడలే, ఆ కాలానికి చారలే లేవు. బంగాళాఖాతంల మీదికెల్లి కిలోమీటర్ల మందాన బురద. ఆ కాలం మ్యాపుల గీత ఎంత నున్నగుంటే నాకంత అనుమానం.

ఇంకా వెనక్కి పోవాలంటే మన నల్లగొండ, పాలమూరు డైకులే దిక్కు. డైకంటే పగుళ్లల్లకు కరిగిన రాయి ఎక్కి గట్టిపడ్డ నల్లరాతి గోడ, చల్లారిననాటి అయస్కాంత దిశను దాచుకుంటది. వాటిల 200 కోట్ల ఏండ్లు దాటినవే ఎక్కువ. గుట్ట నెత్తిమీది గుండ్లు ముట్టకు, పిడుగులు పడి వాటి అయస్కాంతం చెడిపోయి ఉంటది. క్వారీల కొత్తగ కోసిన గోడకే డ్రిల్లు పెట్టు. నల్లరాయి పక్కన మామూలు కంపాస్ ముల్లు తప్పుతది. ఎండ నీడతోని దిక్కు చెప్పే సూర్య కంపాస్ తెచ్చుకో. డైకుకు ఆనుకొని కాలిన గ్రానైట్ ఒక ముక్క, దూరపు గ్రానైట్ ఒక ముక్క కూడ తియ్యి. కాలినది డైకుల ఉన్న అయస్కాంత దిశే చూపించి, దూరపుది వేరే చూపిస్తే, డైకు చల్లారిననాటి గుర్తు పదిలంగ ఉన్నట్టు.

ఆ అయస్కాంత దిశ నేలమట్టం నుంచి ఎంత వంగిందో దాన్నుంచి అక్షాంశం లెక్క తేలుతది. రేఖాంశం మాత్రం రాదు. కాబట్టి ఆ పలకను తూర్పుకో పడమరకో నీకు నచ్చినకాడ పెట్టి "ఇక్కడుండె" అని రాయకు.

ఎండలు ముదరకముందే రా. దేవరకొండ దిక్కు క్వారీ మేస్త్రీకి చెప్పి పెడ్త.

మీ పెదనాయిన