నౌకాదళాన్ని అడ్డగించే నియమాల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

ఏడుగురితో ‘ఎంపైర్స్ ఇన్ ఆర్మ్స్’ అనే నెపోలియన్ కాలపు యుద్ధాల బోర్డు ఆట మొదలుపెడుతున్నావనీ, తీర్పరి బాధ్యత నీ మీదే పడిందనీ రాశావు. ఇటువంటి ఆటల్లో నేల మీది పోరాటాల కంటే సముద్రంలో దారి అడ్డగించే ఘట్టం దగ్గరే తగవులు ముదురుతాయి కనుక, మొదటి పాచిక వేయకముందే ఆ సంగతి తేల్చుకో.

అడ్డగింపును ఒకే ప్రశ్నగా చూడవద్దు. ప్రయత్నిస్తున్నది ఎవరు, శత్రువు దొరికాడా లేదా, పోరు ముగిశాక అడ్డగింపుకు గురైన దళం ముందుకు సాగవచ్చా అనే మూడింటినీ ఇదే వరుసలో విడివిడిగా తేల్చాలి. చరిత్రలోనూ ఇవి వేర్వేరు సంగతులే. 1798 జూన్ 22 రాత్రి బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ నౌకలు ఈజిప్టుకు పోతున్న ఫ్రెంచి నౌకలకు అతి చేరువగా సాగిపోయినా వాటిని పసిగట్టలేకపోయాయి. చివరకు ఆయనే వాటికంటే ముందు అలెగ్జాండ్రియా చేరి, రేవులో ఫ్రెంచివారి జాడ లేకపోవడంతో వెనుదిరిగాడు. 1805 జూలై 22న ఫినిస్టెర్ అగ్రం దగ్గర బ్రిటిష్ నౌకాధిపతి కాల్డర్ 15 పెద్ద యుద్ధనౌకలతో, ఫ్రెంచి, స్పానిష్ ఉమ్మడి దళాన్ని నడుపుతున్న ఫ్రెంచి నౌకాధిపతి విలన్యూవ్‌ను అడ్డగించి రెండు స్పానిష్ నౌకలను పట్టుకున్నాడు గాని, మిగిలిన దళం తప్పించుకుంది.

అసలు చిక్కంతా మొదటి ప్రశ్నలోనే ఉంది. ఫ్రాన్స్ రేవు బ్రెస్ట్ నుంచి ఫ్రెంచి దళం బయలుదేరిందనుకో. ఆ సముద్ర భాగంలో ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉన్న బ్రిటన్, రష్యా దళాలు రెండూ ఉన్నాయి. బ్రిటన్ పాచిక తప్పడం చూశాక రష్యా ఆటగాడు తన నిర్ణయం చెబితే, అతనికి దక్కకూడని సమాచారం దక్కినట్టే. కనుక ఇద్దరి చేతా చీటీల మీద ‘అవును’ లేదా ‘కాదు’ అని రాయించి, రెండూ ఒకేసారి విప్పించి, ఆ తరువాతే పాచికలు వేయించు. ఇద్దరికీ శత్రువు దొరికితే కలిసి పోరాడతారా, ఒకరి తరువాత ఒకరా అన్నది కూడా ముందే ఒక కాగితం మీద రాసిపెట్టు. రూల్‌బుక్ స్పష్టంగా చెప్పిన చోట దానిదే పైమాట. అది మౌనం వహించిన చోటే నీ తీర్పు చెల్లుతుంది.

కదిలించే ఆటగాడు కౌంటరును (దళాన్ని సూచించే బిళ్లను) ఒక్క ఊపున గమ్యానికి జరిపేయకుండా చూడు. ప్రతి సముద్ర భాగంలో ఆపి, దాని పేరు పైకి చెప్పి, చుట్టూ ఉన్నవారు బదులిచ్చాకే వేలు ఎత్తాలి. ఆ తరువాత ‘నేను చూడలేదు’ అనే మాటకు తావివ్వకు.

నౌకల్లో సైన్యం ఉన్నప్పుడు, మునిగిన నౌకలతో పాటు ఎంత సైన్యం పోతుందో కూడా ఆ కాగితం మీదే రాసి, ఏడుగురి చేతా సంతకాలు చేయించు. మధ్యలో కొత్త తగాదా తలెత్తితే అప్పటికప్పుడు తీర్పు చెప్పి, దాన్నీ కింద చేర్చి, ఆట ముగిసేదాకా మార్చవద్దు.

ఇట్లు,
నీ పెదనాన్న