విండోస్ 11కు మారాక పాత డాస్ బిల్లింగ్ ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

కంగారు పడకండి, ప్రోగ్రామ్ చెడిపోలేదు. డాస్ కాలపు ప్రోగ్రామ్‌లు 16 బిట్‌వి. 32 బిట్ విండోస్‌లో వాటిని నడిపించే ఎన్‌టీవీడీఎం అనే భాగం ఉండేది. 64 బిట్ విండోస్‌లో అది లేదు, విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే. అందుకే ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎన్ని టిక్కులు పెట్టినా లాభం ఉండదు. అది ఎక్స్‌పీ, విండోస్ 7 నాటి 32 బిట్ ప్రోగ్రామ్‌లకు పనికొస్తుంది.

ముందుగా బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఈ పని అయ్యేదాకా దయచేసి ఇంకేదీ ముట్టుకోకండి. మీ ఏళ్లనాటి ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి.

తర్వాత డాస్ ప్రోగ్రామ్‌లను కొత్త విండోస్‌లో నడిపించే డాస్‌బాక్స్-ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితమే. చాలామంది మామూలు డాస్‌బాక్స్ సూచిస్తారు గానీ, అది ప్రధానంగా పాత ఆటల కోసం తయారైంది, అందులో ప్రింటింగ్ సదుపాయం లేదు. బిల్లు కాగితం మీదకు రాకపోతే దుకాణంలో దానితో పనేముంది? డాస్‌బాక్స్-ఎక్స్‌లో ప్రింటర్ అమరిక ఉంది. దాన్ని తెరిచి, మౌంట్ కమాండ్‌తో మీ ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌గా చూపించి, సీ, పక్కనే కోలన్ టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఆపై ప్రోగ్రామ్ పేరు టైప్ చేస్తే పాత మెనూ కనిపిస్తుంది. పని ముగిశాక ప్రోగ్రామ్ నుంచి పద్ధతిగా బయటకు రండి. కిటికీని నేరుగా మూసేస్తే చివరి బిల్లులు ఫైలులోకి ఎక్కకపోవచ్చు.