ఏ2 అయిపోయిందని బీ1లో కూర్చోకు

అమ్మలూ,

జర్మనీలో, మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేస్తే ఇల్లంతా తిరుగుతూ అందరికీ చెప్పుకున్నాను. ఆ తర్వాత వాడన్న మాటే నన్ను పడుకోనివ్వలేదు: "దానికి ఏ2 అయిపోయిందిగా అక్కా, అక్కడ నేరుగా బీ1 తీసుకుంటుందట." జర్మన్ నేర్చుకునే మెట్లు ఏ1, ఏ2, బీ1 అని ఒకదాని మీద ఒకటి కదా. ఇన్నేళ్లు ఊళ్లో పిల్లలందరికీ జర్మన్ చెప్పి, సొంత మేనకోడలికి చెప్పకపోతే ఎలా?

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలు. భాషా కోర్సులకు రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే పేరిచ్చెయ్, సీట్లు ఆగవు. ఆ క్రెడిట్లు నీ ఎమ్మెస్‌లో కలుస్తాయో లేదో డిపార్ట్‌మెంట్‌లో అడుగు.

ఇక నీ ఏ2 సర్టిఫికెట్ తీసి మళ్లీ చూడు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25. మొత్తం 82 అని మీ అమ్మ వాట్సాప్‌లో ఊరంతా చాటింది. అందులో మాట్లాడటానికి వచ్చింది 15. దాని గురించి ఎవరూ నోరెత్తలేదు. ఏ క్లాసులో వెయ్యాలో తేల్చడానికి అక్కడ పెట్టే ప్లేస్‌మెంట్ టెస్టు కూడా చాలాచోట్ల సీ-టెస్టే. పేరాలో కొన్ని పదాలకు రెండో సగం తీసేసి ఇస్తారు, మనం నింపాలి. ఇంటర్‌లో బిట్లు నమిలి మింగిన మన పిల్లలకు అదొక లెక్కా? ఇట్టే బీ1 వచ్చేస్తుంది. నోరు మాత్రం ఏ1 దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

నా దగ్గర చదివిన గుంటూరు అబ్బాయి ఒకడు అచ్చం ఇలాగే వెళ్లాడు. పేరెందుకులే. ఇంట్లో కూర్చుని, ఫోన్ పక్కన పెట్టుకుని ఆన్‌లైన్ టెస్టు రాశాడు. బీ1 రెండో భాగంలో వేశారు. క్లాసులో ఇరాన్ అమ్మాయిలు, బ్రెజిల్ అబ్బాయిలు. నామవాచకం ముందు పెట్టే డేర్, డీ, దాస్ అన్నీ తప్పే, అయినా గలగలా మాట్లాడేస్తున్నారట. నిన్న ఏం చేశావని టీచర్ అడిగితే, మావాడు జరిగిపోయినదాన్ని చెప్పడానికి సహాయక క్రియగా హాబెన్ పెట్టాలా జైన్ పెట్టాలా అని తేల్చుకునేలోపు పక్కవాడు చెప్పేసేవాడు. ఏ2కి దిగరా నాయనా అని ఫోన్‌లో మొత్తుకున్నాను. "ఫ్రెండ్సంతా బీ1లో ఉన్నారు మేడమ్, పరువు పోతుంది." సరేననే సరికి ఏ2 నిండిపోయింది. క్లాసుకు వెళ్లడమే మానేశాడు. చదువు ఇంగ్లీషులో కాబట్టి బండి నడిచింది.

జనవరిలో గదిలో హీటర్ ఆగిపోయింది. బిల్డింగ్ చూసుకునే ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతలాయనకు ఇంగ్లీషు రాదు. జాకెట్ వేసుకుని, బూట్లతోనే పడుకున్నాడట. తర్వాత ఎప్పుడో నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. అదే జ్వరమైతే? అంబులెన్సు వాళ్లకు ఇంగ్లీషు వస్తుందిలే అత్తా అంటావు. డాక్టర్ రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడకు రావాలని ఏముంది? నీకా చిన్నప్పటి నుంచి దుమ్ము పడితే ఆయాసం. ఇన్‌హేలర్లు చెకిన్ బ్యాగులో వెయ్యకు, చేతిసంచిలో పెట్టుకో.

అందుకే నా పరీక్ష వేరు. కాగితం ముట్టుకోకుండా, పోయిన ఆదివారం ఏం చేశావో రెండు నిమిషాలు జర్మన్‌లో చెప్పు. తర్వాత డాక్టర్ అపాయింట్‌మెంట్ అడిగి, దాన్ని వేరే రోజుకు మార్పించు. మధ్యలో నీళ్లు నమిలితే ఏ2 రెండో భాగంలో చేరు. వైల్ (ఎందుకంటే) వస్తే క్రియ చివరికి పోవడం మనకు కష్టం కాదు, తెలుగులో ఎప్పుడూ చేసేదే. మన పిల్లలు చతికిలపడేది విభక్తిని బట్టి డేర్ కాస్తా డెమ్, డెన్‌గా మారే దగ్గర.

అలాగని ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నట్టు, సుఖంగా ఉంటుందని ఏ1లో కూర్చున్నావో, నేనే విమానమెక్కి వస్తాను. మొదటి వారంలోనే అంతా తెలిసిన పాఠంలా ఉంటే టీచర్‌ని అడిగి పైకి మారు. మరీ అర్థం కాకపోతే కిందికి మారు. ఆలస్యం చేస్తే రెండూ కుదరవు.

అక్కడ స్థిరపడాలంటే బీ1 అడుగుతారని నీ కంగారు. నీ చదువు 4 సెమిస్టర్లు. ఏ2 రెండో భాగంతో మొదలుపెట్టినా, సెమిస్టర్‌కి ఒకటి చొప్పున మూడో సెమిస్టర్‌కల్లా బీ1 రెండు భాగాలూ అయిపోతాయి. ఎక్కడ వెనకబడ్డావు?

ఈ ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్. రిసెప్షన్ ఆవిడని నేనే. తెలుగు ముక్క మాట్లాడను, మొదటిసారి అడగ్గానే అపాయింట్‌మెంటూ ఇవ్వను.

మీ అత్త