ఇంగ్లండ్‌లో తొలి కాన్పు: నొప్పులతో వెళ్తే ఇంటికి పంపేశారా?

"నొప్పులొస్తున్నాయని ఆస్పత్రికి పరిగెత్తితే, చూసి ఇంటికి పొమ్మన్నారక్కా. ఇక్కడ పట్టించుకోరా?" కొత్తగా వచ్చిన అమ్మాయిల నుంచి ఈ మాట తరచూ వింటాను. పట్టించుకునే పంపారమ్మా.

మామూలు కాన్పు ఎలా సాగుతుందో చెప్పేవాళ్లు మన ఇళ్లలో తగ్గిపోయారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లే. అక్కకి ఫోన్ చేసినా ఆపరేషన్ రోజు సంగతులే చెబుతుంది.

గర్భసంచి ముఖం మెత్తబడి, పలచబడి, 4 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా నొప్పులు వస్తూ ఆగుతూ ఉంటాయి. ఇది ఒక్కోసారి రోజుల తరబడి సాగుతుంది. అప్పటిదాకా ఇంట్లోనే తినండి, నడవండి, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి, వీలైతే నిద్రపోండి. ఆ తర్వాత 10 సెంటీమీటర్లు తెరుచుకోవడానికి తొలి కాన్పులో సగటున 8 గంటలు పడుతుంది, 18 దాటడం అరుదు. నొప్పులు 5 నిమిషాలకొకటి చొప్పున క్రమంగా వస్తుంటే ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, 37 వారాలు నిండకుండానే నొప్పులొచ్చినా మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు. అర్ధరాత్రైనా సరే, మొహమాటపడకండి.

ఇక బిడ్డ దిగే తీరు. కటి (బిడ్డ దాటి రావాల్సిన నడుము కింది ఎముకల గూడు) పైద్వారం అడ్డంగా వెడల్పు, కింది ద్వారం ముందువెనకలుగా వెడల్పు. అందుకే బిడ్డ గడ్డాన్ని ఛాతీకి ఆనించుకుని, సాధారణంగా ముఖం పక్కకి పెట్టి లోపలికి దిగుతుంది. కిందికొచ్చాక ముఖం అమ్మ వెన్నువైపు తిప్పుకుంటుంది. ముందువైపు ఎముక కింద మెడ ఆనించి తల పైకెత్తుతుంటే నుదురు, ముక్కు, గడ్డం వరసగా బయటపడతాయి. తల మళ్లీ పక్కకు తిరిగితే లోపల భుజాలు సర్దుకున్నాయని అర్థం. ఇంత చక్కని పని బిడ్డ చేస్తుంటే మనం వెల్లకిలా పడుకుని దారి ఇరుకు చేయకూడదు. మోకాళ్ల మీద వంగమని, పక్కకి పడుకోమని మిడ్‌వైఫ్ (కాన్పు చేయడంలో శిక్షణ పొందిన ఆవిడ) అందుకే అంటుంది. తల కనబడుతుండగా "ముక్కకండి, చిన్నగా ఊపిరి వదలండి" అంటే తప్పకుండా వినండి. తల నెమ్మదిగా వస్తే చర్మం చిరిగే ప్రమాదం తగ్గుతుంది.

బిడ్డ పుట్టాక మాయ రావాలి. రక్తస్రావం తగ్గేందుకు తొడకి ఇంజెక్షన్ ఇస్తామంటారు. తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అంతా బాగుంటే బొడ్డుతాడుకి కనీసం ఒక నిమిషం దాకా క్లాంప్ (బిగించే క్లిప్పు) వేయరు, కంగారుపడకండి.

అన్నీ సవ్యంగా ఉంటే కాన్పు చేసేది మిడ్‌వైఫే, అవసరమైతేనే డాక్టర్ వస్తారు. మిడ్‌వైఫ్‌లే నడిపే బర్త్ సెంటర్లో గ్యాస్ అండ్ ఎయిర్ (నొప్పి తగ్గడానికి పీల్చే వాయువు) దొరుకుతుంది కానీ ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) ఉండదు. అది కావాలనుకుంటే లేబర్ వార్డు ఎంచుకోండి. ఇంగ్లిష్ తడబడుతుందనుకుంటే తెలుగు దుభాషి కావాలని తొలి అపాయింట్‌మెంట్‌లోనే రాయించండి. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో అది ఉచితం. ఆ పని భర్త మీద పెట్టకండి, ఆ వేళకి ఆయన మీ చెయ్యి పట్టుకుని ఉండాలి.