హనుమకొండలో ట్రంకింగ్ స్కానర్ ఎందుకు పలకడం లేదు?

మీ స్కానర్, అంటే ఇతరుల వైర్‌లెస్ మాటలను పట్టి వినిపించే రేడియో, చెడిపోలేదండీ. డాలస్‌లో ఉండే మీ తమ్ముడు ఇచ్చి వెళ్ళిన యూనిడెన్ బీసీడీ436హెచ్‌పీ హనుమకొండలో ఒక్క మాటా వినిపించడం లేదని, పోలీసు వైర్‌లెస్ అయినా వస్తుందా అని అడిగారు. వేసవిలో మీరే డాలస్ వెళ్తున్నారని కూడా రాశారు. మా అమ్మాయి వాళ్ళు ఉండేదీ ఆ చుట్టుపక్కలే. అక్కడ ఉన్నన్నాళ్ళూ నాకు పొద్దుపోయింది ఇదే రకం స్కానర్‌తో.

దాని మెమరీ కార్డులో ఉన్నది అమెరికా, కెనడా రేడియో వ్యవస్థల చిట్టా. అక్కడి అయిదంకెల జిప్ కోడ్ కొడితే దగ్గరలోని వ్యవస్థలను తానే ఏరుకుంటుంది. మన పిన్‌కోడ్ దానికి అర్థం కాదు. అక్షాంశ రేఖాంశాలు ఇచ్చినా లాభం లేదు, వరంగల్ చుట్టూ దాని చిట్టాలో ఏమీ లేదు కదా.

ట్రంకింగ్ అంటే చాలా బృందాలు కొద్దిపాటి ఫ్రీక్వెన్సీలను పంచుకుని వాడుకోవడం. కాజీపేట జంక్షన్‌ను తలచుకుంటే సంగతి తేలిపోతుంది. ఏ బండికీ సొంత ప్లాట్‌ఫారం ఉండదు, ఖాళీగా ఉన్నదానికి పంపిస్తారు, అది ఎక్కడికి వస్తుందో మైకులో చెబుతారు. ఆ మైకు ఇక్కడ కంట్రోల్ ఛానెల్, బండి పేరు టాక్‌గ్రూప్ నంబరు, అంటే కలిసి మాట్లాడుకునే ఒక బృందానికి ఇచ్చిన నంబరు. ఫైరింజన్ వాళ్ళు బటన్ నొక్కినప్పుడల్లా వారి సంభాషణకు ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దొరుకుతుంది, మరుసటి మాటకు ఇంకొకటి. స్కానర్ కంట్రోల్ ఛానెల్‌ను చదువుతూ, మీరు కోరిన టాక్‌గ్రూప్ ఎటు పోతే అటు పరుగెత్తుతుంది. మామూలు రిసీవర్‌లో ఆ ఛానెల్ పెడితే గరగరమని ఆగని మోత తప్ప ఏమీ ఉండదు. పీ25 అనే డిజిటల్ రేడియో పద్ధతిలో నడిచే వ్యవస్థలో ఆ మోత సెకనుకు 9,600 బిట్ల సమాచారం.

అక్కడికి వెళ్ళాక జిప్ కోడ్ పద్ధతి మీద ఆధారపడవద్దు. అది బద్ధకస్తుల దారి. స్కూలు బస్సులు, చెత్త బండ్లు, నీళ్ళ పైపుల వాళ్ళు అందరూ ఒకేసారి చెవిలో పడతారు, మీకు కావలసినవారు గొంతు విప్పే వేళకు స్కానర్ ఇంకెక్కడో ఉంటుంది. సెంటినెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వేసుకుని చిట్టాను తాజా చేయండి. అందులోంచి మీ వీధికి దగ్గరి టవర్‌ను, నాలుగైదు టాక్‌గ్రూపులను మాత్రం ఒక ఫేవరిట్స్ లిస్టులోకి తీసుకుని స్కానర్‌కు ఎక్కించండి. చేత్తో కొట్టదలిస్తే పీ25 వ్యవస్థకు కంట్రోల్ ఛానెల్ ఫ్రీక్వెన్సీలు చాలు, మాటల ఛానెళ్ళ వివరం ఆ కంట్రోల్ ఛానెలే చెబుతుంది. ఐడీ సెర్చ్ పెడితే ఆ వ్యవస్థలో కదిలే ప్రతి టాక్‌గ్రూపూ వినిపిస్తుంది. మొదటి రోజు ఊరి నాడి తెలియడానికి అది మంచిదే, తర్వాత మీరు ఎంచుకున్న టాక్‌గ్రూపులనే వినిపించే ఐడీ స్కాన్‌కు మారండి. విసిగించేవాళ్ళు తగిలితే అవాయిడ్ బటన్ ఉంది. ఒకసారి నొక్కితే స్కానర్ ఆపి మళ్ళీ వేసేదాకా నోరు మూస్తారు, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే మీరు విడిపించేదాకా అంతే.

నన్ను ఎక్కువ సతాయించింది మాత్రం సైమల్‌కాస్ట్. చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. అవి రవ్వంత తేడాతో అందేసరికి స్కానర్ తికమకపడుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం ముక్కలు ముక్కలు. వంటింటి కిటికీ దగ్గర ఒక్క వాక్యం పూర్తిగా వచ్చేది కాదు, గరాజ్‌లో మూలకు వెళ్తే గంట కొట్టినట్టు వినిపించేది. ఇలాంటప్పుడు పెద్ద యాంటెన్నా పెట్టుకుంటే ఇంకా చెడుతుంది. పొట్టి యాంటెన్నాతో, సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ వేసి, ఒక్క టవర్ గట్టిగా, మిగతావి బలహీనంగా అందే చోటు వెతకాలి. యూనిడెన్ వాళ్ళే 2018లో ఎస్‌డీఎస్100 అనే స్కానర్ తెచ్చింది ప్రధానంగా ఈ చిక్కు కోసమే. ధర ఎక్కువ, సెలవులకు వెళ్ళేవారికి అవసరం లేదని నా ఉద్దేశం. ఎన్‌క్రిప్షన్ ఉన్న, అంటే మాటను రహస్య సంకేతంగా మార్చి పంపే టాక్‌గ్రూపులను ఏ స్కానరూ విప్పదు. పోలీసు విభాగాలు చాలావరకు అటే పోతున్నాయి, అగ్నిమాపక విభాగాలు ఇంకా చాలాచోట్ల తెరిచే ఉన్నాయి.

ఇక వరంగల్ సంగతి. పోలీసు మాటలు వినే ఆలోచన మానుకోండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. ఇతరుల సందేశాలను అక్రమంగా వింటే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. సరదాకు విన్నామంటే ఎవరూ ఒప్పుకోరు. పైగా టెట్రా అనే మరో డిజిటల్ పద్ధతిలో నడిచే వ్యవస్థ ఎదురైతే మీ స్కానర్‌కు అది బొత్తిగా అంతుపట్టదు.

రేడియో మీద నిజంగా ఆసక్తి ఉంటే ముందు హామ్ లైసెన్సు, అంటే ఔత్సాహికులకు ఇచ్చే రేడియో లైసెన్సు తీసుకోండి. దాని పరీక్ష పన్నెండేళ్ళు నిండినవారెవరైనా రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు, రెండింటి మీదా ప్రశ్నలుంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే మొదటి మెట్టు లైసెన్సుకు మోర్స్ కోడ్ అక్కరలేదు. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మీ గుర్తింపు పేరు వస్తుంది.

లైసెన్సు చేతికొచ్చాక స్కానర్‌లో ట్రంకింగ్ జోలికి పోకుండా మామూలు ఎఫ్ఎం ఛానెల్‌గా 145.800 మెగాహెర్ట్జ్ నింపుకోండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు పాఠశాల పిల్లలతో మాట్లాడేది ఇందులోనే. ఒక్కోసారి బొమ్మలు కూడా పంపుతారు. స్పీకర్ పక్కన ఫోను పెట్టి రోబోట్36 యాప్ తెరిస్తే గీత గీతగా దిగుతాయి, ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలు పడుతుంది. స్కానర్‌తో వచ్చిన పొట్టి యాంటెన్నా దీనికి చాలదు, దాదాపు అర మీటరు పొడవు లాగగలిగే టెలిస్కోపిక్ యాంటెన్నా కావాలి. మేడల మధ్య నిలబడకుండా భద్రకాళి చెరువు కట్ట లాంటి తెరపి చోటికి వెళ్ళండి. కేంద్రం మన ఆకాశంలో ఉండేది మహా అయితే పది నిమిషాలు. మొదట్లో సిగ్నల్ సన్నగా ఉంటుంది కాబట్టి బలహీనమైన సిగ్నళ్ళ శబ్దాన్ని ఆపేసే స్క్వెల్చ్‌ను పూర్తిగా తెరిచి, హోల్డ్ నొక్కి స్కానింగ్ ఆపి ఉంచండి.